పగ్గం వదలడం నేర్చుకున్నాను: ఫ్రెంచ్ గుర్రపు స్వారీతో నా అనుభవం

ఉద్యోగం మీద ఫ్రాన్స్‌లోని ఆంజే వచ్చాక గుర్రపు స్వారీ నేర్చుకోవాలనిపించింది. ఫ్రెంచ్ సంప్రదాయ స్వారీకి పేరుపడ్డ నల్ల కోట్ల రౌతుల బృందం కాద్ర్ నువార్ ఉండే సోమ్యూర్ పట్టణం ఇక్కడికి దగ్గరే. ఆ స్వారీని 2011లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది కూడా. ఇదంతా ఫోన్లో అమ్మకి చెబితే, "సరేగానీ, పడితే అక్కడ ఎవరే చూసేది?" అంది.

చేరడం తేలికే. క్లబ్బులో పేరు రాయించుకుని స్వారీ ఫెడరేషన్ లైసెన్స్ తీసుకుంటే బీమా దాంతోనే వస్తుంది. ఆపైన 'గలో' అనే మెట్లు, 1 నుంచి 7 దాకా. పరీక్ష పెట్టేది క్లబ్బు టీచర్లే. స్వారీ ఒక్కటే వస్తే చాలదు, గిట్టలు శుభ్రం చేయడం, జీను కట్టడం, మేత సంగతులు అన్నీ రావాలి. తొలి మెట్ల గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ఒళ్ళునొప్పులు, లద్దె ఎత్తడం, అంతే.

అసలు కష్టం 'ఎపోల్ ఆన్ దెదాన్' (భుజం లోపలికి) అనే పాఠం దగ్గర మొదలైంది. గుర్రం స్వారీశాల గోడ వెంట నడుస్తూనే భుజాలను కాస్త లోపలికి తేవాలి. వెనక కాళ్ళు గోడ పక్కనే పోతుంటే, ముందు కాళ్ళు లోపలి దారిన నడుస్తాయి. అప్పుడు లోపలివైపు వెనక కాలు పొట్ట కిందికి వచ్చి బరువు మోస్తుంది, ముందు భాగం తేలికపడుతుంది. 18వ శతాబ్దంలో పారిస్ ట్యూలరీస్‌లోని రాజుగారి స్వారీశాలను నడిపిన లా గెరినియేర్ పేరు చెప్పకుండా దీన్ని ఎవరూ నేర్పరు.

మా టీచరు సోమ్యూర్‌లో శిక్షణ పొందినావిడ. లోపలి పగ్గం లాగితే మెడ ఒక్కటే వంగుతుంది, భుజాలు కదలవు అని విసుగు లేకుండా చెప్పేది. పని చేయాల్సింది మన నడుము, లోపలి కాలు. వారాల తరబడి మామూలు నడకలోనే సాధన. అది కుదిరాక ఇంకో చిక్కు: గుర్రం సరిగ్గా చేసిన క్షణాన చెయ్యి దించి, కాళ్ళ ఒత్తిడి ఆపేసి, దాన్ని దాని మానాన వదలాలి. నాకేమో వదిలితే ఎటు పోతుందోనని టెన్షన్. ఒకరోజు వదిలాను. అది ఎటూ పోలేదు. దవడ సడలించి, నోట్లో కడ్డీని మెల్లగా నములుతూ, అదే వంపులో నడిచింది. దవడ అలా సడలడం మీదే 19వ శతాబ్దంలో బోషే అనే స్వారీ గురువు తన పద్ధతినంతా నిలబెట్టాడు. అతనికీ ఇంకో స్వారీ గురువు కౌంట్ దోర్‌కీ అస్సలు పడేది కాదు. ఆ ఇద్దరి దగ్గరా నేర్చుకున్న లోట్ తర్వాత కాద్ర్ నువార్‌కే అధిపతి అయ్యాడు. ప్రశాంతంగా, ముందుకి, తిన్నగా అన్నది ఆయన సూత్రం. మా టీచరు మార్కులు వేయదు, ఈ మూడింటిలో ఏది తప్పిందో చెబుతుంది.

తర్వాత సోమ్యూర్‌లో ప్రదర్శనకు వెళ్ళాను. రికాబులు లేకుండా కూర్చున్న రౌతు కింద గుర్రం ముందు కాళ్ళు నేలమీదే ఉంచి వెనక కాళ్ళు విసిరితే జనం చప్పట్లే చప్పట్లు. నాకైతే రౌతుల చేతులే నచ్చాయి. ఆ గంతులు కొద్దిమందికే సాధ్యం, చెయ్యి దించడం మాత్రం మామూలు క్లబ్బు గుర్రం మీదా నేర్పవచ్చు. పిల్లలంతా త్వరగా కంచెలు దూకే పోటీలకు పోవాలనుకుంటుంటే, ఈ నిదానమైన పాఠానికి గంట కేటాయించే టీచర్లు ఎందరుంటారన్నదే నా బెంగ.

ఇప్పుడు అదే పాఠం నడక కంటే వేగమైన ట్రాట్‌లో చేస్తున్నాం. కుడివైపు బాగానే వస్తోంది, ఎడమవైపు గుర్రం బిగుసుకుంటోంది. మళ్ళీ నడకకే దిగమంది టీచరు.