వెనక కూర్చుని చూసే మనిషి

“ఇరవై మంది పిల్లలుంటే ఎవ్వలైనా మంచిగనే చెప్తరు. నా లెక్క మూడు తరగతులను ఒక్క గదిల కూసోబెట్టుకొని చెప్పు, అప్పుడు మాట్లాడు” అంది అక్క. సెలవులకు హనుమకొండ వచ్చి, పరకాల దగ్గరి పల్లెలో ఎస్జీటీగా, అంటే ప్రాథమిక బడి టీచరుగా ఉన్న ఆమెకు మా అమెరికా బడి ముచ్చట చెప్తుంటే పడిన మాట ఇది. అందులో అబద్ధం లేదు. ఒకటో తరగతితో అక్షరాలు దిద్దిస్తూ, మూడో తరగతితో ఎక్కాలు చెప్పిస్తూ, మధ్యలో భోజనం లెక్క రాసుకునే మనిషి ఆమె.

కానీ నేను చెప్పబోయింది స్మార్ట్ బోర్డుల గురించి కాదు. నార్త్ కరోలినాలో నేను పనిచేసే ప్రాథమిక బడిలో టీచర్ల కోసం ఒక కోచ్ ఉంటుంది. ఆమె మొదటిసారి నా క్లాసులో వెనక కూర్చున్నప్పుడు ఒకటే టెన్షన్. మన దగ్గర అట్లా కూర్చునేది బళ్లు తనిఖీ చేసే మండల విద్యాధికారి, ఎంఈఓ సారే కదా! ఈమె రిజిస్టర్లు అడగలేదు. నేను ప్రశ్న వేశాక పిల్లలకు ఆలోచించే టైం ఎంత ఇస్తున్నానో రాసుకుంది. టీచర్లు సాధారణంగా ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే జవాబులు పెద్దవవుతాయని, ‘తెలియదు’ అనేవాళ్లు తగ్గుతారని 1970ల్లోనే మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు చూపించారట. ఆ కాగితం ప్రిన్సిపాల్ దగ్గరికి పోలేదు. నా చేతికే ఇచ్చి, మర్నాడు పాఠం తానే చెప్పి, ఈసారి నన్ను వెనక కూర్చుని రాయమంది. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మనకు శిక్షణలు లేవని కాదు. 2020 జాతీయ విద్యా విధానం టీచరుకు ఏటా కనీసం 50 గంటలు అంటుంది. 2022లో మన తెలంగాణలో పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిగా నేర్పేందుకు తొలిమెట్టు కార్యక్రమం వచ్చింది. చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో మాదిరి పాఠాలూ ఉన్నాయి. అయితే మాదిరి పాఠానికి చార్టులన్నీ ముందే సిద్ధమవుతాయి. ఏ మామూలు మంగళవారమో, మూడు తరగతుల గోలలో అక్క పాఠం ఎట్లా సాగుతుందో చూసి, ఆమెతో కూర్చుని మాట్లాడేదెవరు? ఇరవై మందికి చెప్పే నాకు కోచ్ ఉంది. మూడు తరగతులు మోసే ఆమెకు లేదు. ఇది నాకు మింగుడు పడటం లేదు.

ఇదే అంటే అక్క కాసేపు ఊరుకుంది. “అయితే నువ్వే రా. నేను ఒక తరగతికి చెప్తున్నప్పుడు మిగిలిన రెండు తరగతుల పిల్లలు ఏం చేస్తున్నరో రాసియ్యి. నాకు కావాల్సింది అదే” అంది. ఎల్లుండి పోతున్నాను. ఆ రెండు తరగతుల సంగతి మా కోచ్‌కి కూడా తెలిసి ఉండదు.