జర జరుగు, పెద్దమ్మా

ఈ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, చాలాకాలంగా వాయిదా పడుతూ వస్తున్న చిల్లర పనులన్నీ చక్కబెట్టుకున్నాను. పనులు చిన్నవే గాని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నన్ను పిలిచినవారందరూ నా వయసును తలా ఒక రకంగా లెక్కగట్టడంతో, పడుకోబోయే ముందు ఈ నాలుగు మాటలు రాసుకోవాలనిపించింది. నాకు 58 నిండాయి. పుట్టింది గోదావరి వైపు రామచంద్రపురం దగ్గర పల్లెటూరు, మెట్టినది ప్రొద్దుటూరు, వేరు కాపురం పెట్టిన నాటి నుంచి ఉంటున్నది కూకట్‌పల్లి. కాబట్టి మర్యాద విషయంలో నాకు మూడు రకాల చెవులున్నాయి.

పొద్దున రైతుబజారులో చిక్కుడుకాయలమ్మే ముసలామె ‘ఏం కావాలె బిడ్డా, లేతగున్నయ్, తీస్కో’ అంది. ఆమెకు డెబ్బై పైనే ఉంటాయి. పుట్టింటి వైపు నన్ను చిన్నదానిగా చూసి పిలిచే పెద్దలు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు; అందుచేత అవసరం లేకపోయినా ఇంకో అరకిలో తూయించుకున్నాను.

ఆ తర్వాత అమీర్‌పేట వెళ్లే బస్సు ఎక్కాను. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కావడంతో బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. కండక్టరమ్మ ‘జర ముంగటికి జరుగు పెద్దమ్మా, ఆధార్ చూపియ్యి’ అంది. ఆమె కూడా నలభై దాటిన మనిషే. నేను ఆమె తల్లికి అక్కనైతే నాకు ఎంత లేదన్నా అరవై అయిదు ఉండాలి. జీరో టికెట్టు చేతిలో పెట్టి, సీట్లో కూర్చున్న ఒక కుర్రవాడిని లేపి మరీ నన్ను కూర్చోబెట్టింది. ఆమె అన్నది ‘నువ్వు’ అనే గాని, ఆ పిలుపులో అమర్యాద ఎక్కడా లేదు. వయసు పెంచినా మంచి సీటు ఇప్పించింది కనుక సరిపోయింది.

బ్యాంకులో మాత్రం తమాషా జరిగింది. డిపాజిట్ తిరగరాసే కుర్రవాడి మాటను బట్టి మా గోదావరి వైపువాడేనని పోల్చుకున్నాను. నన్ను చూడగానే ‘అమ్మగారూ, తమరు సీనియర్ సిటిజనే కదండీ, అర శాతం వడ్డీ ఎక్కువ వస్తుందండి’ అన్నాడు. ఇంకా రెండేళ్లుంది బాబూ అన్నాను. అతను కంప్యూటరులో పుట్టిన తేదీ చూసుకుని ‘ఆయ్, అవునండి, మేడమ్‌గారూ’ అన్నాడు. అమ్మగారి నుంచి మేడమ్‌గారికి నేను దిగివచ్చిన వేగం చూసి పక్కన కూర్చున్నాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. 2007 నాటి చట్టం ప్రకారం 60 నిండితేనే ఈ దేశంలో ఎవరైనా వృద్ధుల కిందికి వస్తారు గాని, రైల్వేవారి లెక్క మాత్రం వేరుగా ఉండేది: రాయితీ టికెట్టు మగవారికి 60కి, ఆడవారికి 58కే ఇచ్చేవారు. 2020 మార్చిలో ఆ రాయితీని ఎత్తేశారు. ఆ విధంగా నాకు వృద్ధాప్యం వచ్చే వేళకు దానివల్ల కలిగే ఒకే ఒక్క లాభం కూడా పోయింది.

తిరుగు ప్రయాణంలో దీని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. మా గోదావరి మాటలో మర్యాదంతా క్రియ చివర ఉంటుంది. ‘వచ్చారండి’, ‘తిన్నారాండి’, ‘ఆయ్, లేరండి’ అనడంలో ఎదుటి మనిషి ఇరవైలో ఉన్నాడో ఎనభైలో ఉన్నాడో తెలియదు. నేను ఓణీ వేసుకున్న రోజుల్లో కిరాణా కొట్టు ఆయన ‘ఏం కావాలండి పాపగారూ’ అనేవాడు. మొన్న ఊరెళితే ఆయన కొడుకు అదే అండితో ‘ఏం కావాలండి’ అన్నాడు. మధ్యలో గడిచిపోయిన నలభై ఏళ్లూ ఆ అండి వెనక హాయిగా దాక్కున్నాయి. అయితే ఈ మాట అంటూనే ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి: ఆ అండి ఊళ్లో అందరికీ దక్కేది కాదు. పొలం పనికి వచ్చే తల నెరిసిన మనుషులను రైతుల ఇళ్లలోని పిల్లలు పేరు పెట్టి, నువ్వు అని పిలిచేవారు; వాళ్లు మాత్రం ఆ పిల్లలనే అబ్బాయిగారూ అనేవారు. వయసు కనిపించని మర్యాద కావడం వల్లే అది అంత సులువుగా కులాన్నీ భూమినీ చూసి పంచబడిందేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

ప్రొద్దుటూరులో కాపురానికి వెళ్లిన కొత్తలో నాకు కలిగిన బెదురు ఇంతా అంతా కాదు. ఆ ఇంట్లో పిల్లలు తాతను ‘అబ్బా, అన్నం తింటివా?’ అని అడుగుతున్నారు, నాయనమ్మను ‘జేజీ, నువ్వు కూచో’ అంటున్నారు. ఎవరో పెద్దమనిషి వస్తే ‘ఆయప్ప వచ్చినాడు’ అని లోపలికి కేక వేస్తున్నారు. మా పుట్టింట్లో నాన్నగారితో ‘మీరు’ అని తప్ప మాట్లాడి ఎరగని నేను, ఇది గొడవపడుతున్న ఇల్లేమోనని భయపడ్డాను. తర్వాత్తర్వాత గమనించాను: అక్కడ గౌరవం క్రియలో ఉండదు, పిలుపులోనే అయిపోతుంది. ఆయప్ప, ఆయమ్మ, పెద్దనాయన, జేజి అన్నాక ఇవ్వవలసినది ఇచ్చేసినట్టే, ఆ మీద క్రియను బహువచనంలోకి లాగవలసిన పని లేదు. తెలంగాణలో ‘కాకా, కూసో’ అన్నా ఇదే పద్ధతి. ఒక పండుగ నాడు నేను ‘అత్తయ్యగారూ, మీరు లేవకండి’ అంటే మా అత్తగారు వడ్డన ఆపి, ‘ఏందమ్మా, మీరు మీరు అంటావు, నేనేమన్నా పరాయిదాన్నా?’ అని అడిగారు. నోరు తిరిగి ‘అత్తా, నువ్వు’ అనడానికి చాలా కాలం పట్టింది గాని, అన్న రోజు నుంచి వంటింట్లో నా మాట చెల్లడం మొదలైంది.

ఈ పద్ధతిలో చిక్కు ఒక్కటే. చుట్టరికం పెట్టి పిలవాలంటే ఎదుటివారి వయసును అంచనా వేయక తప్పదు. ప్రొద్దుటూరు బజారులో చాలాకాలం ‘అక్కా’గా తిరిగిన నేను ఇప్పుడు ‘అమ్మా’ దాటి ‘అవ్వా’ దాకా వచ్చాను. మా అపార్టుమెంటు వాచ్‌మన్‌ది మహబూబ్‌నగర్ వైపు. ఆయన చిన్నకూతురు కూడా నన్ను అవ్వా అనే పిలుస్తుంది. అదే పాలమూరు పల్లెల్లో ‘అవ్వా అయ్యా’ అంటే తల్లిదండ్రులని విని కొంత ఊరట పడ్డాను గాని, ఆ పిల్ల వాళ్ల నాయనమ్మను కూడా అవ్వా అనడం నిన్న చెవిన పడింది. అయినా బాధ లేదు, ఎందుకంటే ఆ పిల్ల నా కొంగు పట్టుకుని ‘అవ్వా, చాక్లెట్ ఇయ్యి’ అంటుంది. నాకు మింగుడుపడనిది ఆంటీ ఒక్కటే. బట్టతల వచ్చిన మనుషులు సైతం లిఫ్టులో ‘ఆంటీ, మీరు ఏ ఫ్లోర్?’ అంటారు. అందులో చుట్టరికం లేదు, అండి దాచిపెట్టే వయసు దాపరికమూ లేదు. వయసు వేలెత్తి చూపించి, ఆపై మీరు అని దూరంగా నిలబడడం మాత్రమే ఉంది.

ఇన్ని పిలుపుల్లోనూ నన్ను నిజంగా ముసలిదాన్ని చేసినది సాయంత్రం వచ్చిన ఫోను. మా అక్క కూతురు పుట్టినప్పటి నుంచి నన్ను ‘పిన్నీ, నువ్వు’ అంటూ పెరిగింది. పరీక్ష తప్పినా, పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చకపోయినా ముందు నాకే చెప్పుకుని ఏడ్చేది. కిందటేడు పెళ్లయి భీమవరం వెళ్లింది. ఈ రోజు ఫోనులో ‘పిన్నిగారూ, ఎలా ఉన్నారండీ, ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి’ అంది. ఎవరో పరామర్శకు వచ్చి బొట్టు పెట్టించుకుని వెళ్లినట్టుగా ఉంది ఆ మాట. నేనూ అలాగే, ‘బాగానే ఉన్నానమ్మా, అందరినీ అడిగానని చెప్పు’ అని పెట్టేశాను. ఊరు కాని ఊరి కండక్టరమ్మ పెద్దమ్మను చేస్తే నవ్వు వచ్చింది గాని, ఎత్తుకుని తిప్పిన పిల్ల మీరు అనేసరికి ఇంక నాతో ఏదీ చెప్పుకోదేమోననిపించింది. ఆ ఇంట్లో కోడలు ఎవరితో ఎలా మాట్లాడుతుందో కనిపెట్టి చూసే పెద్దవాళ్లున్నారని నాకు తెలుసు. నన్ను మీరు వద్దని మందలించిన అత్తగారు దొరికారు. దానికి దొరికింది వేరే ఇల్లు.

భోజనాలయ్యాక దాని దగ్గర నుంచి మెసేజి వచ్చింది: ‘మా అత్తగారు పక్కనే కూర్చున్నారు పిన్నీ, ఏం మాట్లాడను? రేపు మేడ మీది నుంచి చేస్తా. నువ్వు మోకాలికి నూనె రాసుకుంటున్నావా లేదా? అబద్ధం చెప్పకు.’ రాసుకోవడం లేదని జవాబు ఇచ్చి, ఆ నూనె సీసా ఎక్కడ పెట్టారండీ అని మా వారిని అడిగాను.