పదకొండు ఈటీఎఫ్‌ల నుంచి ఒక్కదానికి ఎట్లా వచ్చామంటే (నా అనుభవం)

మేము 2021 సెప్టెంబర్‌లో పీఆర్ (శాశ్వత నివాసం) మీద కెనడాకి, టొరంటో పక్కనున్న మిస్సిసాగాకి వచ్చాం. జీతం అకౌంట్ తెరవడానికి బ్యాంకుకి వెళ్తే అక్కడ ఒకాయన చాలా మర్యాదగా కూర్చోబెట్టి, టీఎఫ్ఎస్ఏ (లాభం మీద పన్ను లేని పొదుపు ఖాతా) అంటే ఇదీ ఆర్ఆర్ఎస్పీ (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) అంటే ఇదీ అని చెప్పి, రెండిట్లోనూ వాళ్ళదే ఒక బ్యాలెన్స్‌డ్ మ్యూచువల్ ఫండ్ పెట్టించాడు. కొత్తగా వచ్చాం, ఏదో ఒకటి మొదలైంది కదా అని సంతోషపడ్డాం. మా ఆయన టీఎఫ్ఎస్ఏలో 18,000 డాలర్లు, నా ఆర్ఆర్ఎస్పీలో 12,000, ఇట్లా రెండున్నరేళ్ళు కడుతూ పోయాం.

2024 వేసవిలో టాక్స్ కాగితాలు సర్దుతుంటే ఫండ్ ఫ్యాక్ట్స్ అని నాలుగు పేజీల కాగితం కనపడింది. అది మొదటి రోజే ఇచ్చారు, మేమే చదవలేదు. అందులో ఎంఈఆర్, అంటే ఫండ్ నడిపినందుకు ఏటా తీసుకునే ఖర్చు, 2.04 శాతం అని ఉంది. రెండు శాతమే కదా అనిపిస్తుంది కానీ అది లాభం మీద రెండు శాతం కాదు, మొత్తం డబ్బు మీద, లాభం వచ్చినా నష్టం వచ్చినా ప్రతి సంవత్సరం. 30,000 మీద లెక్కేస్తే ఏడాదికి 612 డాలర్లు. బిల్లు లాగా వస్తే మొదటి నెలలోనే అడిగేవాళ్ళం, కానీ బిల్లు రాదు, ఫండ్ విలువలోంచే రోజూ కొంచెం కొంచెం తీసేసుకుని మిగిలిన రేటు మనకి చూపిస్తారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజంగా. మా నాన్న ఖమ్మంలో చిట్టీ పాటలో కమీషన్ ఎంతో పైసాతో సహా చెప్పగలరు, నేనేమో డిగ్రీలు చదివి ఇక్కడ ఏం కడుతున్నానో తెలియకుండా కూర్చున్నాను.

అప్పుడే ఈటీఎఫ్‌ల గురించి, అంటే షేర్ల లాగా మార్కెట్‌లోనే కొని అమ్ముకునే ఫండ్ల గురించి, చదవడం మొదలుపెట్టాను. ప్రపంచంలో మొట్టమొదటి ఈటీఎఫ్ పుట్టింది టొరంటోలోనేనట, 1990 మార్చిలో, మా ఇంటి నుంచి గో ట్రైన్‌లో అరగంట దూరంలో. అది చదివాక ఎందుకో ధైర్యం వచ్చింది, ఇదేదో కొత్త వింత కాదు, ముప్పై ఏళ్ళు దాటిన వస్తువే అని.

కానీ ఎంచుకోవడం దగ్గర మాత్రం బాగా ఇరుక్కున్నాను. ఎక్సెల్‌లో ఒక షీట్ పెట్టి ఒక్కొక్కటే రాసుకుంటూ పోతే రెండు నెలల్లో పదకొండు పేర్లు చేరాయి. ఆఫీసులో తెలుగు ఫ్రెండ్స్ అందరూ వీఎఫ్‌వీ ఒక్కటే కొను, ఇంకేం ఆలోచించకు అన్నారు, అంటే ఎస్ అండ్ పీ 500 అనే అమెరికా పెద్ద కంపెనీల సూచీ ప్రకారం నడిచే ఈటీఎఫ్, ఫీజు 0.09 శాతం. అది చెడ్డదని నేను అనను. కాకపోతే నేను వెనక్కి వెళ్ళి చూశాను, 2000 మొదలు 2009 చివరిదాకా పదేళ్ళు ఎస్ అండ్ పీ 500 పట్టుకున్నవాళ్ళకి డివిడెండ్లు కలిపినా నష్టమే, పైగా ఆ పదేళ్ళలో కెనడా డాలర్ బలపడింది కాబట్టి ఇక్కడివాళ్ళకి ఇంకా ఎక్కువ నష్టం. అదే పదేళ్ళలో కెనడా మార్కెట్ బాగానే పెరిగింది. ఏ దశాబ్దంలో ఏ దేశం పెరుగుతుందో నాకెట్లా తెలుస్తుంది? తెలియనప్పుడు ఒక్క దేశం మీద మొత్తం పెట్టడం నాకు మనసొప్పలేదు.

అట్లా అని కెనడా ఒక్కటే కొందామంటే అదీ కుదరదు. ప్రపంచ మార్కెట్‌లో కెనడా వాటా మూడు శాతం చుట్టుపక్కల ఉంటుంది, అందులోనూ బ్యాంకులు, ఆయిల్, గనులు ఇవే ఎక్కువ. జీతం ఇక్కడే, రేపు ఇల్లు కొంటే అదీ ఇక్కడే, దాచుకున్నది కూడా మొత్తం ఇక్కడే అంటే అన్నీ ఒకే బుట్టలో గుడ్లే కదా. హెడ్జ్‌డ్ రకాలు కూడా ఉన్నాయి, డాలర్ హెచ్చుతగ్గులు తగలకుండా చూసేవి, వాటి మీద ఒక వారం పోయింది, చివరికి వద్దనుకున్నాను. మార్కెట్ కూలినప్పుడు చాలాసార్లు అమెరికా డాలర్ పెరుగుతుంది, హెడ్జ్ లేకపోతే ఆ పెరుగుదల మనకి కొంచెం దిండు లాగా పనికొస్తుంది, ఇరవై ఏళ్ళు ముట్టుకోని డబ్బుకి ఆ అదనపు ఖర్చు దేనికి అని.

ఇక అన్నిటికన్నా ఎక్కువ టైం తిన్నది విత్‌హోల్డింగ్ టాక్స్. అమెరికా కంపెనీల డివిడెండ్ మీద అక్కడే 15 శాతం కోసేస్తారు. టీఎఫ్ఎస్ఏలో ఏం కొన్నా ఆ కోత తప్పదు. ఆర్ఆర్ఎస్పీలో మాత్రం న్యూయార్క్‌లో లిస్టయిన ఈటీఎఫ్ నేరుగా కొంటే కోత ఉండదు, టొరంటోలో లిస్టయినది కొంటే ఉంటుంది. ఇది చదివిన రోజు నాకు ఏదో రహస్యం దొరికినట్టు అనిపించింది, ఆర్ఆర్ఎస్పీలో వీటీఐ (అమెరికా మార్కెట్ మొత్తం ఉండే న్యూయార్క్ ఈటీఎఫ్) కొనేద్దాం, ఫీజు కూడా 0.03 శాతమే, అని మా ఆయనకి రాత్రి పదకొండింటికి చెప్పాను. ఆయన సరే లెక్కేసి చూపించు అన్నారు. లెక్కేశాను. 12,000లో అమెరికా భాగం 45 శాతం అనుకుంటే 5,400, దాని మీద డివిడెండ్ సుమారు 1.3 శాతం అంటే 70 డాలర్లు, అందులో 15 శాతం అంటే పది పదకొండు డాలర్లు. సంవత్సరానికి! దానికోసం కెనడా డాలర్లు అమెరికా డాలర్లుగా మార్చాలి, మా బ్రోకర్ దగ్గర దానికి 1.5 శాతం, అంటే 81 డాలర్లు. ఫీజులో మిగిలే ఏడెనిమిది డాలర్లు కలిపినా మార్చినందుకు పోయింది తిరిగి రావడానికే నాలుగైదేళ్ళు, కొత్తగా కట్టిన ప్రతిసారీ మళ్ళీ మార్చాలి. డీఎల్ఆర్ అనే ఈటీఎఫ్‌ని కెనడా డాలర్లలో కొని అమెరికా డాలర్లలో అమ్మి ఆ ఖర్చు తప్పించుకునే పద్ధతి ఉంది, నార్బర్ట్స్ గ్యాంబిట్ అంటారు, బాగా పనిచేస్తుంది, లక్షల్లో ఉన్నవాళ్ళకి తప్పకుండా చేయాల్సిన పనే. మా పన్నెండు వేలకి కాదు. ఇంకోటి, మామూలు టాక్స్ అకౌంట్‌లో న్యూయార్క్ ఈటీఎఫ్‌లు కొనేవాళ్ళు గుర్తు పెట్టుకోండి, అద్దెకిచ్చిన హైదరాబాద్ ఫ్లాట్ లాంటి విదేశీ ఆస్తులతో కలిపి కొన్న ధర లక్ష డాలర్లు దాటితే టీ1135 ఫారం నింపాలి. టొరంటోలో లిస్టయిన ఈటీఎఫ్‌లు ఆ లెక్కలోకి రావు.

ఆ లెక్క చూపించిన రాత్రే ఆయన అడిగిన మాటతో నా షీట్ మొత్తం మారిపోయింది. "ఇదంతా నీకు అర్థమైంది సరే, రేపు నువ్వు ఊరెళ్ళినా నీకు ఒంట్లో బాగోకపోయినా నేనెట్లా చూసుకోవాలి ఇవన్నీ? నాలుగు ఫండ్లు, రెండు కరెన్సీలు, ఏది ఎంత శాతం ఉండాలో, ఏది అమ్మి ఏది కొనాలో..." నేను జవాబు చెప్పలేకపోయాను. అప్పటిదాకా నేను వెతికింది అన్నిటికన్నా చవకైనది, అన్నిటికన్నా తెలివైనది. ఇద్దరిలో ఎవరైనా నడపగలిగేది అనే కాలమ్ ఆ షీట్‌లో అసలు లేదు. ఆ కాలమ్ పెట్టగానే పదకొండులో ఎనిమిది ఆ రాత్రే పోయాయి.

మిగిలినవి మూడు, అన్నీ ఆల్ ఇన్ వన్ రకం, అంటే ఒక్క ఈటీఎఫ్ లోపలే కెనడా, అమెరికా, యూరప్, జపాన్, ఇండియా లాంటి దేశాలు అన్నీ కలిపి వేల కంపెనీలు ఉంటాయి, నిష్పత్తి తప్పితే వాళ్ళే సరిచేస్తారు. వాన్‌గార్డ్ వాళ్ళ వీగ్రో 2018లో వచ్చింది, ఎనభై శాతం షేర్లు ఇరవై శాతం బాండ్లు. వీఈక్యూటీ, ఐషేర్స్ వాళ్ళ ఎక్స్‌ఈక్యూటీ రెండూ 2019లో వచ్చాయి, పూర్తిగా షేర్లే. మేము చూసినప్పుడు ఎంఈఆర్ వీఈక్యూటీకి 0.24, ఎక్స్‌ఈక్యూటీకి 0.20. కెనడా వాటా ఒకదాంట్లో ముప్పై శాతం, ఇంకోదాంట్లో ఇరవై ఐదు. నిజం చెప్పాలంటే ఈ రెండిట్లో ఏది తీసుకున్నా తేడా గోరంతే, దీని మీద వారాలు వారాలు కొట్టుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, ఆ వారాల్లో డబ్బు పాత ఫండ్‌లోనే ఉండి రెండు శాతం కడుతూనే ఉంటుంది. మేము ఎక్స్‌ఈక్యూటీ తీసుకున్నాం. బాండ్లు వద్దనుకున్నది మాకు ఇంకా ముప్పై దాటి నాలుగేళ్ళే కాబట్టి, ఇది రిటైర్మెంట్ డబ్బు కాబట్టి. ఇంటి డౌన్ పేమెంట్ కోసం ఎఫ్‌హెచ్‌ఎస్‌ఏ (మొదటి ఇల్లు కొనడానికి పెట్టిన పొదుపు ఖాతా)లో వేస్తున్నది మాత్రం, ఏడాదికి 8,000 దాకా వేయొచ్చు, దాన్ని జీఐసీ (మన ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది)లోనే ఉంచాం. రెండు మూడేళ్ళలో కావలసిన డబ్బుని షేర్లలో పెట్టొద్దని ఎవరికైనా గట్టిగానే చెప్తాను.

మార్చడం దగ్గర ఒక పెద్ద తప్పు త్రుటిలో తప్పింది. మా ఆయన టీఎఫ్ఎస్ఏ డబ్బు బయటికి తీసి కొత్త బ్రోకర్ దగ్గర వేసేద్దాం, రెండు రోజుల పని అన్నారు. అట్లా చేయకూడదు. బయటికి తీసిన డబ్బుకి రూమ్, అంటే ఆ ఖాతాలో ఇంకా ఎంత వేయొచ్చు అనే పరిమితి, తిరిగొచ్చేది మళ్ళీ జనవరికే. పైగా రూమ్ 2009 నుంచి కూడిన 95,000 ఉంటుందని ఎవరో ఆయనకి చెప్పారు, అది అప్పటినుంచీ ఇక్కడున్నవాళ్ళకి. మాకు వచ్చిన సంవత్సరం నుంచే, 6,000, 6,000, 6,500, 7,000, మొత్తం 25,500. అందులో 18,000 కట్టేశాం, మిగిలింది 7,500. తీసి మళ్ళీ 18,000 వేస్తే 10,500 ఎక్కువవుతుంది, నెలకి ఒక శాతం, అంటే 105 డాలర్లు పెనాల్టీ. కొత్త బ్రోకర్ యాప్‌లోనే ట్రాన్స్‌ఫర్ ఫారం ఉంటుంది, అది నింపితే వాళ్ళే పాత బ్యాంకు నుంచి లాక్కుంటారు, రూమ్‌కి ఏమీ కాదు. బ్యాంకు సొంత ఫండ్ కాబట్టి అలాగే రాదు, అమ్మేసి క్యాష్‌గా వస్తుంది. అకౌంట్‌కి 150 డాలర్లు చొప్పున బ్యాంకు తీసుకుంది, స్టేట్‌మెంట్ పంపితే కొత్త బ్రోకర్ వెనక్కిచ్చారు. మూడు వారాల పైన పట్టింది, రోజూ యాప్ తెరిచి చూడటమే పని అయిపోయింది.

అక్టోబర్‌లో ఒక ఉదయం డబ్బు కనపడింది. మార్కెట్ తొమ్మిదిన్నరకి తెరుస్తారు, మొదటి అరగంట ధరలు ఊగుతుంటాయని పదిన్నర దాకా ఆగాను. యూనిట్ 33 డాలర్ల దగ్గరుంది, లిమిట్ ఆర్డర్ (ఇంతకన్నా ఎక్కువ ధరకి కొనొద్దు అని చెప్పేది) పెట్టి, 363 యూనిట్లు అని కొట్టి, రెండుసార్లు చదువుకుని నొక్కాను. కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది. నాన్నకి ఫోన్ చేస్తే "వడ్డీ ఎంతమ్మా?" అన్నారు. వడ్డీ కాదు నాన్నా, ప్రపంచంలో ఉన్న కంపెనీలన్నిట్లో చిన్న చిన్న వాటాలు అన్నాను. కాసేపు ఆగి "అయితే పడితే అమ్మేయకు" అన్నారు, అంతే.

2025 ఏప్రిల్‌లో పడింది. టారిఫ్‌ల ప్రకటన తర్వాత రెండే రోజుల్లో అమెరికా మార్కెట్ పది శాతం పైన పోయింది, మా ఇద్దరి అకౌంట్లూ ఎర్రగా అయిపోయాయి. నాకు భయం వేసింది, వేయలేదంటే అబద్ధం. నాన్న మాట గుర్తొచ్చింది. ప్రతి జీతానికీ ఆటోమేటిక్‌గా కొనేట్టు ముందే పెట్టుకున్నాం, ఆ వారం కూడా అది కొనేసింది, మేము యాప్ తెరవలేదు. వేసవికల్లా మళ్ళీ లేచింది.

ఈ జనవరిలో చెల్లి పెళ్ళికి ఖమ్మం వెళ్ళాను, ఆయనకి సెలవు దొరకలేదు. రెండో తారీఖు రాత్రి తొమ్మిదింటికి, ఇంట్లో పసుపు దంచే హడావుడిలో ఉంటే, వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. కొత్త సంవత్సరం టీఎఫ్ఎస్ఏ రూమ్ 7,000 వేసి ఎక్స్‌ఈక్యూటీ కొనేశారు, లిమిట్ ఆర్డరే, ఫిల్డ్ అని పచ్చగా ఉంది. కింద ఒక్క ముక్క రాశారు: "టొరంటోలో పదిన్నర దాకా ఆగాను, సరేనా?"