ఎక్కకుండా అడగొద్దమ్మా

"నువ్వు ఎక్కలేదు కదమ్మా. ఎక్కకుండా బాగుందా అని అడగొద్దు."

మా అమ్మాయి ఈ మాట కోపంగా అనలేదు. నా చేతిలోని నీళ్ల సీసా తీసుకుని, రెండు గుక్కలు తాగి, మామూలుగానే అంది. వెంటనే స్నేహితురాళ్లతో మళ్లీ క్యూలోకి వెళ్లిపోయింది. అమెరికాలో రోలర్ కోస్టర్లకి పేరున్న సీడార్ పాయింట్ పార్కులో ఒక బెంచీ మీద, వాళ్ల బ్యాగులన్నీ ఒళ్లో పెట్టుకుని నేను మిగిలాను. తనకిప్పుడు 13 ఏళ్లు. ఐదేళ్లుగా ప్రతి వేసవీ ఈ పార్కుకి వస్తున్నాం. ఐదేళ్లుగా నా చోటు బెంచీయే. దిగి వచ్చిన ప్రతిసారీ "బాగుందా?" అని అడుగుతాను, "బాగుంది" అంటుంది. మా ఇద్దరికీ అది సరిపోతోందనే అనుకున్నాను.

ఇంటికి తిరిగి వస్తుంటే కారు వెనక సీట్లో ముగ్గురమ్మాయిలూ గట్టిగా వాదించుకున్నారు. అక్కడి కోస్టర్లలో మిలీనియం ఫోర్స్ గొప్పదా, స్టీల్ వెంజియెన్స్ గొప్పదా అని. మొదటిది 310 అడుగుల ఎత్తు, గంటకు 93 మైళ్ల వేగం. 2000లో మొదలైంది. అంత వేగంలోనూ ఒంటికి కుదుపు తెలియదట. ఒకమ్మాయికి అదే నచ్చింది. మా అమ్మాయికి అదే లోటు. "సోఫాలో కూర్చుని పడిపోతున్నట్టు ఉంటుంది" అంది. తనకి స్టీల్ వెంజియెన్స్ కావాలి. ఒక గుట్ట దాటి దిగుతుంటే సీటుకీ మనకీ మధ్య ఖాళీ వస్తుందట, మనల్ని తొడల మీది బార్ మాత్రమే ఆపుతుందట. దాన్ని వాళ్లు ఎయిర్‌టైమ్ అంటారు. అదే చోట 1991 నుంచి మీన్ స్ట్రీక్ అనే చెక్క కోస్టర్ ఉండేది. ఒళ్లు హూనం చేస్తుందని దానికి పేరు. ఆ చెక్క కట్టడాన్ని చాలావరకు ఉంచి, పైన ఉక్కు పట్టాలు వేసి 2018లో స్టీల్ వెంజియెన్స్‌గా తెరిచారు. పాతది పోయినందుకు బాధపడేవాళ్లు ఇంకా ఉన్నారని మూడో అమ్మాయి చెప్పింది. నునుపు చేస్తే చెక్క కోస్టర్ చచ్చిపోయినట్టేనని వాళ్ల వాదన.

అప్పుడు మా అమ్మాయి ఒక మాట అంది. కుదుపు వేరు, నొప్పి వేరు. చెక్క కింద గడగడలాడటం సరదా. భుజాల మీది పట్టీలకి చెవులు అటూ ఇటూ కొట్టుకోవడం సరదా కాదు. పోయినేడు ఇంకో పార్కులో ఒకటి ఎక్కాక మూడు రోజులు తన మెడ తిరగలేదట.

స్టీరింగ్ పట్టుకున్న నా చేతులు చల్లబడ్డాయి. ఆ మూడు రోజులూ తను మా ఇంట్లోనే ఉంది. నా ఎదురుగా అన్నం తింది. ఆ రోజు కూడా నేను "బాగుందా?" అని అడిగాను.

నాకెందుకు చెప్పలేదో ఇంటికి చేరేలోపే గుర్తొచ్చింది. అంతకు ముందు వేసవిలో ఒకసారి తల నొప్పిగా ఉందంటూ దిగి వచ్చింది. నేను "చెప్పానా? వద్దంటే వింటేగా?" అన్నాను. ఆ పూట ఇంకేమీ ఎక్కనివ్వలేదు. నొప్పి అని చెబితే అమ్మ ఇచ్చేది మందు కాదు, నిషేధం అని తనకి ఆ రోజే అర్థమైపోయింది. స్నేహితురాళ్లకైతే ఏ సీట్లో, ఏ మలుపులో, ఏ చెవికి తగిలిందో ఇంగ్లీషులో పూస గుచ్చినట్టు చెబుతుంది. నాకు తెలుగులో ఒకే మాట, బాగుంది. తనకి తెలుగు మాటలు తక్కువని ఇన్నాళ్లూ బెంగపడ్డాను. తక్కువైంది మాటలు కాదేమో.

పైగా నొప్పి గురించి నేను తనకి నేర్పింది ఏమిటి? వయొలిన్ మొదలుపెట్టిన ఏడాది వేలి చివర్లు కందిపోతే, ఆపుతానని ఏడిస్తే, ఆపనివ్వలేదు. ఓర్చుకుంటేనే విద్య వస్తుందన్నాను. ఈ దేశంలో మనం రెండింతలు కష్టపడాలని కూడా అన్నాను. అంటే నేను ఎంచిన నొప్పి ఓర్చుకోవాలి, తను ఎంచుకున్న నొప్పి మానుకోవాలి. ఇది రాస్తుంటేనే నాకు కష్టంగా ఉంది, కానీ నేను చేసింది అదే.

ఆ రాత్రి "మెడ సంగతి నాకెందుకు చెప్పలేదు?" అని అడగలేదు. అడిగితే మళ్లీ అదే కోర్టు. "లూప్‌లో తల కిందులుగా ఉన్నప్పుడు మెడకి ఏమీ కాదా?" అని అడిగాను. తను కాగితం తెచ్చి బొమ్మ గీసింది. 19వ శతాబ్దం చివర్లో న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో లూప్‌ని పూర్తి గుండ్రంగా కట్టారట. కింద వంపులోకి వెళ్లగానే బరువంతా ఒక్కసారిగా మీద పడి మెడలు పట్టేసేవట. 1976లో కాలిఫోర్నియా మేజిక్ మౌంటెన్ పార్కులో రివల్యూషన్ అనే కోస్టర్ వచ్చేసరికి వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజినీరు లూప్‌ని కన్నీటి చుక్కలా మార్చాడు. కింద వెడల్పు వంపు, పైకి వెళ్లేకొద్దీ చిన్నది. అందువల్ల బరువు మెల్లగా పెరుగుతుంది. "వాళ్లు కూడా మెడ గురించే ఆలోచించారమ్మా, నీలాగే" అంది. నీలాగే అన్న మాట దగ్గర నేను కాసేపు ఆగిపోయాను.

తర్వాత ఎయిర్‌టైమ్‌ని తెలుగులో ఏమంటారని అడిగింది. మనకి మాట లేదని చెప్పబోయి ఆగాను. ఉయ్యాల పైదాకా వెళ్లి వెనక్కి తిరిగే క్షణంలో కడుపులో ఏమవుతుందో చూడు, గుండె ఝల్లుమంటుంది, అదే అన్నాను. "ఝల్లు" అని రెండుసార్లు పలికి చూసుకుంది. మర్నాడు ఫోన్‌లో స్నేహితురాలికి ఇంగ్లీషు మధ్యలో ఆ మాట నేర్పుతుంటే విన్నాను. ఆరేళ్ల ఆదివారం తెలుగు క్లాసుల్లో నాకు అంత సంతోషం కలగలేదు.

మిగతా తల్లులకి ఒకటి చెప్పాలనిపించింది. బాగుందా అని అడగకండి, ఎక్కడ కూర్చున్నావు, ఎక్కడ తగిలింది అని అడగండి. చెప్పిన తర్వాత తీర్పు ఇవ్వకండి. కానీ ఇది రాసి మళ్లీ చదివితే నాకే నమ్మకం కుదరడం లేదు. రేపు నిజంగా మెడకి ఏదైనా అయితే? అప్పుడు కూడా నోరు మూసుకుని వింటూ కూర్చోవాలా? కబుర్లు రాబట్టుకుని, తర్వాత వాటినే అడ్డం పెట్టుకుని ఆపేస్తానేమో, నన్ను నేను ఎంత నమ్మాలి?

రెండు వారాల క్రితం వేరే పార్కులో నేను కూడా ఎక్కాను. ఒక పాత ఉక్కు కోస్టర్. ఎక్కే ముందు తను నా భుజం పట్టుకుని మధ్య వరసలోకి జరిపింది. "చక్రాల మీద పడే సీట్లలో కుదుపు ఎక్కువమ్మా, ఇక్కడ కూర్చో. తల వెనక్కి ఆనించి ఉంచు." కొండ మీదికి లాగే గొలుసు టకటకమంటుంటే నా చేతి మీద చెయ్యి వేసింది. కిందికి వచ్చాక మెడ పట్టేసినట్టు తెలుస్తూనే ఉంది. "ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగుంది" అన్నాను.

ఆ రాత్రి అందరూ పడుకున్నారనుకుని మెడకి మందు రాసుకుంటుంటే మా అమ్మాయి తలుపు దగ్గర నిలబడి చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి వచ్చి ట్యూబ్ తీసుకుని, "ఎక్కడ తగిలింది?" అంది.

చూపించాను.