షెల్టర్‌కి దారేది?

మేం చదువుకున్న డిపార్ట్‌మెంట్ సంచికకి ఏదైనా జ్ఞాపకం రాయమనగానే నాకు గుర్తొచ్చింది పదికి మూడు మార్కులొచ్చిన నా మ్యాపు. డిపార్ట్‌మెంట్ ప్రింటర్ గురించి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు.

విపత్తు నిర్వహణ కోర్సు, రెండో సెమిస్టరు. ఒక తీరగ్రామానికి ముంపు మ్యాపు గీసుకురమ్మన్నారు. ఉపగ్రహ చిత్రాలు ముందేసుకుని మూడు రాత్రులు కూర్చున్నా. ఎత్తుపల్లాలకి రంగులు, ఇళ్లకి చుక్కలు, తుపాను షెల్టర్‌కి ఆకుపచ్చ త్రికోణం. చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. సార్ పెన్సిల్ తీసి అన్నిటికన్నా చివరున్న చుక్క మీద పెట్టారు.

"అర్ధరాత్రి. వాన. కరెంటు లేదు. ఇంట్లో నడవలేని ముసలాయన ఉన్నాడు. పద, షెల్టర్‌కి వెళ్దాం."

పెన్సిల్ కదిలి కల్వర్టు దగ్గర ఆగిపోయింది. ఊరికన్నా ముందు మునిగేది ఆ కల్వర్టే. నా మ్యాపులో దానికి రంగే లేదు.

మొదటి సెమిస్టరులో చెప్పిన హైతీ, చిలీల పాఠం నాకు అప్పుడు అర్థమైంది. 2010 జనవరిలో హైతీలో 7.0 తీవ్రతతో, ఫిబ్రవరిలో చిలీలో 8.8 తీవ్రతతో భూకంపాలు వచ్చాయి. విడుదలైన శక్తిలో రెండోది సుమారు 500 రెట్లు పెద్దది. అయినా చిలీలో పోయింది 500 మందికి కాస్త పైన. హైతీ ప్రభుత్వ లెక్క 2 లక్షలు దాటింది. హైతీది రాజధాని పక్కనే వచ్చిన భూకంపం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ 1960లోనే 9.5 తీవ్రత చవిచూసిన చిలీ ఇళ్లు కట్టే పద్ధతి మార్చుకుంది. ముప్పు రావడం వేరు, అది విపత్తుగా మారడం వేరు అని సార్ అరిగిపోయిన రికార్డులా ఎందుకు చెప్పేవారో మరి!

నన్ను ఎక్కువగా పట్టుకున్నది మాత్రం బంగ్లాదేశ్. 1970 తుపాను ఆ తీరంలో కనీసం 3 లక్షల మందిని మింగింది. తర్వాత మెగాఫోన్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగే వాలంటీర్లు వచ్చారు, షెల్టర్లు లేచాయి. అయినా 1991లో లక్షా 38 వేల మంది పోయారు. వాళ్లలో మగవాళ్లకన్నా ఆడవాళ్లే చాలా ఎక్కువ. హెచ్చరిక వినపడినా ఇంట్లో మగమనిషి రాకుండా కదలలేక కొందరు, జనంతో కిక్కిరిసిన షెల్టర్‌లో ఉండలేమని కొందరు, పశువుల్ని వదల్లేక కొందరు ఆగిపోయారు. ఇవేవీ ఉపగ్రహానికి కనపడవు. ఆ కారణాలు ఒక్కొక్కటీ పట్టించుకుంటూ వచ్చాక, 2007లో సిడ్ర్ తుపానుకి పోయినవాళ్లు దాదాపు 3,400. అదీ తక్కువేం కాదు, కానీ వేలకీ లక్షలకీ ఉన్న తేడా అది.

ఉద్యోగంలో చేరాక నేను నడిపించిన మొదటి మాక్ డ్రిల్‌లో సైరన్ మోగిన పావుగంటకి ఊరంతా షెల్టర్ చేరింది. నాకు కాలర్ ఎగరేయాలనిపించింది. చివరగా ఒక పెద్దావిడ నాలుగు మేకల్ని తోలుకుంటూ వచ్చి మెట్ల ముందు నిలబడింది.

"వీటినెక్కడ కట్టను బాబూ?"

షెల్టర్ స్తంభాల మీద ఉంది. మెట్లు నిటారుగా ఉన్నాయి. నేను నోట్‌బుక్ తీసి "ర్యాంపు" అని రాసుకున్నా. ఆవిడ మాత్రం కిందే కూర్చుంది, డ్రిల్ అయిపోయేదాకా.