ప్రొడక్ట్ ఆఫ్ ఇనర్షియా: టేబుల్ బట్టీ పట్టకుండా నేను చదివిన పద్ధతి

మూమెంట్ ఆఫ్ ఇనర్షియా దాకా అందరూ బాగానే చదువుతారు. పక్కనే ఉన్న ప్రొడక్ట్ ఆఫ్ ఇనర్షియా దగ్గరికి వచ్చేసరికి ఫార్ములాల టేబుల్ చూసి, తర్వాత చూద్దాంలే అని వదిలేస్తారు. అలా వదలకండి. ఆ టేబుల్‌ను నేను బట్టీ పట్టలేదు. రెండు విలువలు గుర్తుంచుకుని మిగతావి రాబట్టుకోవడం నేర్చుకున్నాను.

ఏరియాలో ప్రతి చిన్న ముక్కనూ దాని ఎక్స్, వై కోఆర్డినేట్లతో గుణించి అన్నీ కూడితే ప్రొడక్ట్ ఆఫ్ ఇనర్షియా, అంటే ఐఎక్స్‌వై వస్తుంది. ఐఎక్స్, ఐవైలలో (ఎక్స్, వై యాక్సిస్‌ల చుట్టూ మూమెంట్ ఆఫ్ ఇనర్షియాలు) దూరాల వర్గాలు ఉంటాయి కాబట్టి అవి నెగెటివ్ కావు. ఇక్కడ మాత్రం ఒకటి, మూడు క్వాడ్రంట్లలోని ఏరియా ప్లస్, రెండు, నాలుగులోది మైనస్. అసలు పరీక్షంతా ఈ సైన్ మీదే ఉంటుంది.

రెండు యాక్సిస్‌లలో ఒక్కటి సిమెట్రీ యాక్సిస్ అయినా జవాబు సున్నా. సెమీ సర్కిల్, టీ సెక్షన్, ఛానెల్ అన్నీ అలా లెక్క లేకుండానే తేలిపోతాయి. జెడ్ సెక్షన్ దగ్గర మాత్రం జాగ్రత్త. 180 డిగ్రీలు తిప్పినా అదే ఆకారం వస్తుంది, అయినా సున్నా కాదు. రెండు ఫ్లాంజ్‌లూ ఎదురెదురు క్వాడ్రంట్లలో ఉండి ఒకే సైన్ ఇస్తాయి.

నేను గుర్తుంచుకున్న రెండు విలువలు ఇవి: మొదటి క్వాడ్రంట్‌లో, లంబ భుజాలు యాక్సిస్‌ల మీదే ఉన్న రైట్ ట్రయాంగిల్‌కు బి²హెచ్²/24, అలాగే ఉన్న క్వార్టర్ సర్కిల్‌కు ఆర్⁴/8. సెంట్రాయిడ్ (ఏరియా కేంద్ర బిందువు) దగ్గర విలువ కావాలంటే ఏరియా, ఎక్స్‌బార్, వైబార్ (సెంట్రాయిడ్ కోఆర్డినేట్లు) లబ్ధాన్ని తీసేయాలి. ట్రయాంగిల్‌కు అది బి²హెచ్²/18, కాబట్టి మిగిలేది మైనస్ బి²హెచ్²/72. క్వార్టర్ సర్కిల్‌కు దాదాపు మైనస్ 0.0165 ఆర్⁴. ట్రయాంగిల్‌ను అద్దంలో చూసినట్టు తిప్పితే సైన్ మారుతుంది, విలువ మారదు. రెక్టాంగిల్‌కు మూల దగ్గర బి²హెచ్²/4. సెంట్రాయిడ్ దగ్గర సున్నా కాబట్టి ఇది పూర్తిగా పారలల్ యాక్సిస్ థియరం (సెంట్రాయిడ్ విలువకు ఏరియా, ఎక్స్‌బార్, వైబార్ లబ్ధం కలపడం) ఇచ్చిందే.

నాకు అన్నిటికన్నా నచ్చిన లెక్క ఎల్ సెక్షన్‌ది. మందం 10 మి.మీ., ఎత్తు 100, అడుగు వెడల్పు 60, నిలువు కాలు ఎడమవైపు. నిలువు ముక్క 10×100, దాని సెంట్రాయిడ్ (5, 50). మిగిలిన అడుగు ముక్క 50×10, దానిది (35, 5). మొత్తం సెంట్రాయిడ్ (15, 35). ముక్కల సొంత విలువలు సున్నా కాబట్టి:

1000×(−10)×(15) = −1,50,000
500×(20)×(−30) = −3,00,000

మొత్తం −4,50,000 మి.మీ.⁴. రెండు ముక్కలున్న సెక్షన్‌లో వాటి సెంట్రాయిడ్లను కలిపే గీత మీదే మొత్తం సెంట్రాయిడ్ ఉంటుంది. అందుకే రెండు టర్మ్‌ల సైన్ ఒకటే రావాలి. వేరుగా వచ్చిందంటే దూరాల్లో ఎక్కడో తప్పు జరిగినట్టే. ఈ చెక్‌కు అర నిమిషం కూడా పట్టదు.

ఇదే సెక్షన్‌కు ఐఎక్స్ 15,12,500, ఐవై 4,12,500. ఐఎక్స్‌వై సున్నా అయ్యేలా యాక్సిస్‌లను తిప్పాల్సిన కోణం థీటా అనుకుంటే, టాన్ 2థీటా = −2ఐఎక్స్‌వై/(ఐఎక్స్−ఐవై) = 9/11, అంటే థీటా సుమారు 19.6 డిగ్రీలు, యాంటీ క్లాక్‌వైజ్. బొమ్మలో చూసుకోండి: మెటీరియల్ ఎడమ పైనుంచి కుడి కిందికి వాలి ఉంది, తిరిగిన వై యాక్సిస్ కూడా అటే వాలుతుంది.

ఆ తిరిగిన యాక్సిస్‌ల మీద వచ్చే మినిమమ్ మూమెంట్ ఆఫ్ ఇనర్షియా సుమారు 2,51,900, ఐవై కన్నా చాలా తక్కువ. ఈ ఎల్ సెక్షన్‌ను కాలమ్‌గా వాడి, రెండు చివరలూ అన్ని దిశల్లో ఒకేలా పట్టి ఉంటే, బక్లింగ్‌కు (నొక్కుడు బరువుకు పక్కకి వంగిపోవడం) రేడియస్ ఆఫ్ జైరేషన్ (మూమెంట్ ఆఫ్ ఇనర్షియాను ఏరియాతో భాగించి తీసిన వర్గమూలం) ఐవైతో వచ్చే 16.6 కాదు, సుమారు 13 మి.మీ. తీసుకోవాలి. పరీక్ష ఆప్షన్లలో రెండూ ఉంటాయి.