శ్రీశైలానికి ముందు ఒక కాటా

శ్రీశైలం బయలుదేరే ముందు రోజు సాయంత్రం మేము వనస్థలిపురం ఆటోనగర్ వైపు ఒక కాటా ముందు, ఇసుక లారీల వరుసలో నిలబడ్డాము. మిత్రుడొకరు తన ట్రావెలర్ వ్యానును మోటార్‌హోమ్‌గా మార్పించుకున్నారు. వెనక రెండు పడకలు, చిన్న వంటగట్టు, పడకల కింద 100 లీటర్ల నీళ్ల ట్యాంకు ఉన్న ఆ బండిని మూడు రోజులకు మాకు ఇస్తూ, సామాను అంతా ఎక్కించాక, మనుషులు కూడా కూర్చున్నాక ఒకసారి తూకం వేయించమని, ముందు చక్రాలను విడిగా తూచడం మరచిపోవద్దని చెప్పారు. మా ఆవిడకు ఇది చాదస్తంగా తోచింది. బియ్యం సంచితో, ఆవకాయ జాడీతో వచ్చిన కుటుంబాన్ని చూసి కాటా గుమాస్తా కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు.

మొత్తం బరువు చూడగానే నేను సంతోషించాను. ఆర్‌సీలో అనుమతించిన స్థూల బరువు 4,300 కిలోలు కాగా, మాతో కలిపి బండి 4,190 తూగింది. ఆ తరువాత ముందు చక్రాలను మాత్రమే కాటా మీద నిలిపి చూస్తే 1,240 వచ్చింది. అంటే మిగిలిన 2,950 కిలోలు వెనక ఇరుసు మోస్తున్నదన్నమాట; దాని పరిమితి 2,900. చీటీ చూసిన నాన్నగారికి వివరించవలసిన పని లేకపోయింది. “వెనకబరువు ఎక్కువైతే నొగలు పైకి లేస్తాయిరా, కాడి ఎద్దుల మెడ మీద నిలవదు” అన్నారు. వెనక ఇరుసు దాటి తోక భాగంలో పెట్టిన ప్రతి వస్తువూ ఆ ఇరుసు మీద తన బరువు కంటే ఎక్కువే మోపుతూ, ముందు చక్రాలను కొంత పైకి ఎత్తుతుంది. ముందు చక్రాలకు నేల మీద పట్టు తగ్గితే స్టీరింగు, బ్రేకు రెండూ మెత్తబడతాయి. ఘాట్ రోడ్డు ఎక్కబోయే బండికి అంతకంటే ప్రమాదం మరొకటి ఉండదు.

తప్పు ఎక్కడ జరిగిందో ఇంటికి వచ్చి వెనక తలుపు తెరవగానే అర్థమైంది. ఎత్తడానికి సులువుగా ఉంటుందని బియ్యం, పప్పులు, నీళ్ల క్యాన్లు, పనిముట్ల పెట్టె అన్నీ అక్కడే కుక్కాము. నిండు ట్యాంకు కూడా అటే ఉంది. లీటరు నీళ్లంటే కిలో బరువు కనుక అదొక్కటే క్వింటాలు. దారిలో నీళ్లు దొరకని ఎడారికేమీ మేము పోవడం లేదు కాబట్టి 70 లీటర్లు మొక్కలకు పోశాము. బరువైన వస్తువులను రెండు ఇరుసుల మధ్య, సీట్ల కింద నేలకు ఆనించి, ఎడమ కుడి వైపులు సమంగా ఉండేలా సర్ది, పట్టీలతో బిగించాము. పై అరలలో దుప్పట్లు, బట్టలు, అప్పడాలు మాత్రమే మిగిలాయి. ఆవకాయ జాడీ విషయంలో అమ్మ చాలాసేపు వాదించారు గానీ, సడెన్ బ్రేకు పడితే బండి ఆగినా జాడీ ఆగదని చెప్పాక, చిన్న స్టీలు డబ్బాలోకి తీయడానికి ఒప్పుకున్నారు. మర్నాడు పొద్దున మళ్లీ కాటా ఎక్కితే మొత్తం 4,110, ముందు 1,310, వెనక 2,800 వచ్చాయి. తగ్గించినది 80 కిలోలే అయినా వెనక ఇరుసుకు 150 తగ్గడం చూసి గుమాస్తా ఈసారి నవ్వలేదు.

మిగిలిన పనులకు ఎక్కువ సమయం పట్టలేదు. టైర్లలో గాలిని బండి కదలకముందే, చల్లగా ఉన్నప్పుడే చూశాము. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెలలో మొదటి రెండూ అది తయారైన వారాన్ని, తరువాతి రెండూ సంవత్సరాన్ని చెబుతాయి. స్టెప్నీ మీద 1115 అని, అంటే 2015 నాటిదని కనిపించడంతో, అరగకపోయినా దాన్ని మార్పించాము. 5 కిలోల గ్యాస్ సిలిండరు గొట్టానికి సబ్బునీళ్లు రాసి బుడగలు రావడం లేదని నిర్ధారించుకుని, వాల్వు కట్టేశాము. గ్యాస్ గాలి కంటే బరువైనది కనుక లీకైతే నేల మీదనే పేరుకుంటుంది. అందుకే సిలిండరు పెట్టిన అరకు కింది భాగంలో ఉన్న రంధ్రాలకు గోనెపట్టా అడ్డం రాకుండా తీసేశాను. కమానుల కింద దూరేటప్పుడు గుర్తుండేలా, బండి ఎత్తు తొమ్మిదిన్నర అడుగులని ఒక అట్టముక్క మీద రాసి స్టీరింగు దగ్గర అంటించాను.

పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, తుక్కుగూడలో దిగి, కడ్తాల్, ఆమనగల్లు, కల్వకుర్తి మీదుగా సాగాము. పిల్లలు పడకల మీద పడుకుంటామని మారాం చేసినా, బండి కదులుతున్నంతసేపూ సీట్లలో బెల్టులతోనే కూర్చోబెట్టాము. కడ్తాల్ దాటాక స్పీడ్ బ్రేకరు మీద పై అరల తలుపు ఒకటి తెరుచుకుని అప్పడాల కట్ట నా భుజం మీద పడింది. గడియ వేయనిది నేనే. అమ్రాబాద్ పులుల అడవిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు కనుక వెలుతురుండగానే మన్ననూరు గేటు దాటాలనుకున్నాము, దాటాము. దోమలపెంట తరువాత కృష్ణ వైపు దిగే మలుపుల్లో రెండో గేరులోనే ఉంచి, బ్రేకును తడుముతున్నట్టుగా మాత్రమే వాడుతూ వచ్చాను. వెనక భాగం ఎక్కడా ఊగలేదు. స్టీరింగు చేతిలో నిండుగా నిలిచింది.

దర్శనం చేసుకుని మూడో రోజు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా, మా ఆవిడ కొన్న తేనె సీసాల పెట్టెను ఎక్కడ పెట్టాలా అని నేను వెనక తలుపు వైపు నడిచాను. నాన్నగారు ఏమీ అనకుండా నా చేతిలోంచి పెట్టెను తీసుకుని, మధ్య సీటు కిందకు తోసి, పట్టీ బిగించారు.